గురి ఉంటే చాలదు, సరైన గురి ఉండాలి

(లేబర్ డే ముందు ఆదివారం టెక్సాస్‌లో జరిగిన మన వేదిక సహవాస కూడికలో చేసిన ప్రసంగం)

 

నేను పాస్టర్ని కాదు. బైబిల్ కాలేజీ గడప తొక్కలేదు. మాది ఒంగోలు దగ్గర పల్లె. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేశాను. ఏడేళ్ళు గల్ఫ్‌లో పనిచేశాను. తర్వాత నా భార్యకు నర్సు ఉద్యోగం వచ్చి, ఆమె వెంట ఇక్కడికి వచ్చాను. ఎనిమిదేళ్ళయింది. మొదట పార పట్టుకున్నాను, ఇప్పుడు సూపర్‌వైజర్‌గా ఉన్నాను. నాకు తెలిసింది మట్టి, కాంక్రీటు, కొలత. వాటితోనే నాలుగు మాటలు చెబుతాను.

నాకిచ్చిన అంశం "క్రైస్తవ జీవితంలో గురి". దీని మీద నేను ఇదివరకే ఒకసారి మాట్లాడాను. మూడేళ్ళ కిందట, ఇదే హాల్లో. అప్పుడు ఉన్నవాళ్ళు కొందరు ఈ రోజూ ఉన్నారు. ఆ రోజు నెహెమ్యా గ్రంథం ఆరో అధ్యాయం తీసుకున్నాను. యెరూషలేము గోడ కడుతున్న నెహెమ్యాను శత్రువులు నాలుగుసార్లు పిలిచారు, మాట్లాడుకుందాం రమ్మని. పని ఆపి దిగి రానని నాలుగుసార్లూ ఒకే జవాబు చెప్పాడు. గోడ 52 రోజుల్లో పూర్తయింది. "చూశారా, గురి అంటే అదీ! అటూ ఇటూ చూడకూడదు, దిగి రాకూడదు" అని గట్టిగా చెప్పాను. అందరూ బాగుందన్నారు. ఇంటికి వెళ్తూ నేను కూడా బాగానే చెప్పాననుకున్నాను.

ఆ ప్రసంగం అయిన ఐదు వారాలకు నేను ఒక మనిషిని మట్టిలో పూడ్చినంత పని చేశాను. అందుకే ఈ రోజు కొత్త ప్రసంగం చెయ్యడానికి కాదు, ఆ పాత ప్రసంగాన్ని సరిదిద్దుకోవడానికి నిలబడ్డాను.

ఆ శుక్రవారం

అది అపార్ట్‌మెంట్ల పని. మురుగు పైపు వెయ్యడానికి ట్రెంచ్ తీస్తున్నాం. ఇక్కడి మట్టి మీకు తెలుసు. మన ఒంగోలు నల్లరేగడి లాంటిదే. ఎండితే నెర్రెలు ఇస్తుంది, తడిస్తే జారుతుంది. ఆ వారం రెండు రోజులు వాన పడింది. తర్వాత మంచి ఎండ కాసింది.

ఆ లైను శుక్రవారం పూర్తయి, సోమవారం తనిఖీకి సిద్ధంగా ఉంటే, తర్వాతి ప్రాజెక్టుకు నన్ను సూపరింటెండెంట్ చేస్తామని మాట వచ్చింది. ఆ పదవి కోసం నేను మూడేళ్ళు కష్టపడ్డాను. ఆ ఉదయం కారులో కూర్చుని ప్రార్థన చేశాను: "ప్రభువా, ఈ రోజు ఈ లైను అయిపోవాలి." నిజంగా చేశాను, కళ్ళనీళ్ళతో చేశాను.

మధ్యాహ్నం మూడింటికి ఇంకా రెండు పైపుల పని మిగిలింది. ట్రెంచ్ ఏడు అడుగుల లోతు ఉంది. ఈ దేశంలో ఐదు అడుగులు, అంతకన్నా లోతున్న ట్రెంచ్‌లోకి మనిషిని దింపాలంటే, గట్టి రాయి అయితే తప్ప, గోడలు కూలకుండా రక్షణ ఉండాలి. అది ఓషా నిబంధన. రక్షణ కోసం మా దగ్గర ఇనుప ట్రెంచ్ బాక్సు ఉంది. కానీ అది సైటుకు ఆ చివర ఉంది. మెషీన్‌తో తెచ్చి దింపడానికి గంటన్నర పడుతుంది. లోపల పని పావుగంట. నేను లెక్క వేసుకున్నాను. ఇద్దరిని దిగమన్నాను.

వాళ్ళలో ఒకాయన హోండురస్ మనిషి. మనలాగే ఊరూ, తల్లీ, పిల్లల్నీ వదిలి వచ్చినవాడు. దిగేముందు ఒక్కసారి నా ముఖం చూశాడు. ఏమీ అనలేదు. నేను వాచీ చూసుకున్నాను.

ఎనిమిదో నిమిషమో తొమ్మిదో నిమిషమో, పక్క గోడ జారింది. ఒకతను నిచ్చెన దగ్గర ఉన్నాడు కాబట్టి పైకి వచ్చేశాడు. హోండురస్ ఆయన నడుము దాకా మట్టిలో కూరుకుపోయాడు. మీరు మట్టిని తక్కువ అంచనా వెయ్యొద్దు. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు మట్టి ముద్ద ఒక చిన్న కారంత బరువుంటుంది. మెషీన్‌తో తవ్వితే మనిషే తెగిపోతాడు. ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు వచ్చి, గోడలకు ఆనింపు పెట్టి, చేతులతో, చిన్న పారలతో తీశారు. చాలాసేపు పట్టింది. తొడ ఎముక విరిగింది.

ఆయన బతికాడు, దేవునికి స్తోత్రం. అయితే "దేవుడు కాపాడాడు" అని సాక్ష్యం చెప్పే హక్కు ఆయనకుంది గానీ నాకు లేదు. ఆయన్ను గోతిలోకి పంపింది నేను. అందుకే ఇన్నాళ్ళూ ఇది సాక్ష్యంగా ఎక్కడా చెప్పలేదు. ఈ రోజు ఒప్పుకోలుగా చెబుతున్నాను.

ఆ సాయంత్రం రిపోర్టులో నేనేం రాశానో అది కూడా చెప్పాలి. "మట్టి అనుకోకుండా జారింది" అని రాశాను. బాక్సు గురించి ఒక్క మాట రాయలేదు. మూడో రోజు ఆసుపత్రికి వెళ్ళాను. పళ్ళు తీసుకెళ్ళాను. ప్రార్థన చేద్దామని కూడా అనుకున్నాను. ఆయన పినతండ్రి కొడుకు పక్కన కూర్చుని మా ఇద్దరి మాటలూ ఇంగ్లీషులోకి, స్పానిష్‌లోకి మార్చి చెబుతున్నాడు. ఆయన నన్ను తిట్టలేదు. ఒకటే అడిగాడు: "ఆ రోజు బాక్సు ఎక్కడుందో నీకు తెలుసా?"

తెలుసు అన్నాను.

ఆయన తల అటు తిప్పుకున్నాడు. నేను ప్రార్థన చెయ్యలేదు. ఏ ముఖం పెట్టుకుని చేస్తాను? మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళి, రిపోర్టు తప్పు, బాక్సు ఉండగా వాడలేదు, దిగమన్నది నేనే అని రాసిచ్చాను. సూపరింటెండెంట్ పదవి పోయింది. ఏడాది పాటు నా చేతికింద మనుషుల్ని ఇవ్వలేదు. అది న్యాయమే.

నాకు గురి లేక కాదు

ఆ తర్వాత చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. ఒక్క సంగతి నన్ను తినేసేది. నేను సోమరిని కాదు, తాగుబోతును కాదు. ఆదివారం ఆరాధనకు వెళ్ళేవాణ్ణి. కానుకల లెక్కలు చూసేవాణ్ణి. గురి మీద ప్రసంగం కూడా చేశాను. మరి ఎక్కడ తప్పింది?

మనం సాధారణంగా ఏమనుకుంటాం? చెదిరిపోయే మనసే మన సమస్య అనుకుంటాం. ఫోను ఎక్కువ చూస్తున్నాం, ప్రార్థన తగ్గింది, ఏకాగ్రత లేదు అనుకుంటాం. నిజమే, అదీ ఉంది. కానీ ఆ శుక్రవారం నాకున్నంత ఏకాగ్రత నా జన్మలో ఎప్పుడూ లేదు. నా కంటికి పైపు తప్ప ఏమీ కనబడలేదు. మనిషి కూడా కనబడలేదు. పైగా ఆ గురి కోసమే ప్రార్థన చేశాను. అంటే నా గురి దేవుడి వైపు లేదు, నా గురి వైపు దేవుణ్ణి తిప్పాలని చూశాను.

కాబట్టి తమ్ముళ్ళారా, గురి తప్పడం అంటే గురి లేకపోవడం ఒక్కటే కాదు. తప్పు గురిని గట్టిగా పట్టుకోవడం ఇంకా ప్రమాదం. ఎందుకంటే చూసేవాళ్ళు మెచ్చుకుంటారు. "కష్టజీవి" అంటారు. మనకూ అనుమానం రాదు.

కొలత ఎక్కడి నుంచి?

ఇది ఎలా జరుగుతుందో పని భాషలో చెబుతాను. గల్ఫ్‌లో నా మొదటి ఏడాది, ఒక వరసలో పన్నెండు స్తంభాలకు గుర్తులు పెట్టమన్నారు. మొదటి దాన్నుంచి రెండోదానికి కొలిచాను. రెండోదాన్నుంచి మూడోదానికి. అలా ముందు పెట్టిన గుర్తు నుంచి తర్వాతి గుర్తుకు కొలుచుకుంటూ పోయాను. ఒక్కోసారి మూడు మిల్లీమీటర్లు తేడా వచ్చింది. మూడు మిల్లీమీటర్లంటే ఎంత? పెన్సిల్ గీత అంత. కానీ పదకొండు ఖాళీలు. చివరి స్తంభం దగ్గరికి వచ్చేసరికి 33 మిల్లీమీటర్లు పక్కకు పోయింది, అంగుళానికి పైనే. అక్కడ శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక పెద్ద మేస్త్రీ ఉండేవాడు. ఆయన నవ్వి, "అబ్బాయ్, ముందు పెట్టిన గుర్తు నుంచి కొలవకు. ప్రతిసారీ మొదటి మేకు దగ్గరికి వెళ్ళి కొలువు" అన్నాడు.

మన బతుకులో కూడా అంతే. మనలో ఎవరూ దేవుణ్ణి వదిలేద్దామని విమానం ఎక్కలేదు. మొదటి ఏడాది అప్పు తీర్చాలి. న్యాయమైన కోరిక. అప్పు తీరింది. రెండో ఏడాది చెల్లి పెళ్ళి. మంచిదే. తర్వాత ఊళ్ళో స్థలం. తర్వాత ఇల్లు. తర్వాత పక్కవాడికి రెండంతస్తులు ఉన్నాయి కాబట్టి మనకు మూడు. వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు జీతం వస్తుందని ఒక ఆదివారం పనికి వెళ్తాం. తర్వాత నెలకు రెండు ఆదివారాలు. ప్రతి అడుగూ ముందు అడుగుతో పోలిస్తే చిన్న తేడాయే. పెన్సిల్ గీతంతే. పోయిన ఏడాదితో కొలుచుకుంటే "పెద్దగా ఏం మారలేదు" అనిపిస్తుంది. మొదటి మేకు నుంచి కొలిస్తే తెలుస్తుంది ఎంత దూరం జరిగిపోయామో.

మరి మనకు మొదటి మేకు ఏది? పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రిక మూడో అధ్యాయం ఇంటికి వెళ్ళాక చదవండి. ఆ ఉత్తరం రాసేటప్పుడు పౌలు ఖైదులో ఉన్నాడు. తన వంశం, తన చదువు, తన నిష్ఠ, ఊళ్ళో తనకున్న పరువు అన్నీ ఒక జాబితాగా రాసి, క్రీస్తును ఎరగడం ముందు అవన్నీ నష్టం కింద కొట్టేశానన్నాడు. తన పరుగు ఆ గురి కోసమే అన్నాడు. నేనింకా చేరలేదు అని కూడా ఒప్పుకున్నాడు. నాకు ఆ ఒప్పుకోలు చాలా ధైర్యం ఇచ్చింది.

చూడండి, ఆయన గురి ఒక పదవి కాదు, ఒక సంఖ్య కాదు, ఒక మనిషి. క్రీస్తును ఎరగాలి, క్రీస్తులా మారాలి. అది గురి అయితే, దాని వైపు వెళ్తూ పక్క మనిషిని గోతిలోకి తొయ్యడం కుదరదు. క్రీస్తు ఎవరి పక్కన నిలబడ్డాడో మనకు తెలుసు కదా. ఆ శుక్రవారం క్రీస్తు ఎక్కడున్నాడని ఎవరైనా అడిగితే, నేను ప్రార్థన చేసిన కారులో కాదు, ఆ ట్రెంచ్‌లో ఉన్నాడనే చెబుతాను.

నేను వదిలేసిన అధ్యాయం

అప్పుడు మళ్ళీ నెహెమ్యా గ్రంథం తీశాను. ఈసారి ఆరో అధ్యాయం దగ్గర మొదలుపెట్టలేదు, ముందునుంచి చదివాను. మూడో అధ్యాయంలో ఎవరెవరు ఎక్కడెక్కడ గోడ కట్టారో ఉంది. నాలుగో అధ్యాయంలో కాపలా పెట్టుకుని పని చేశారు. ఆరో అధ్యాయంలో పని పూర్తయింది. మధ్యలో ఐదో అధ్యాయం ఉంది. ఆ రోజు నేను దాన్ని దాటి వెళ్ళిపోయాను.

అందులో గోడ కాస్త పక్కకు తప్పుకుంటుంది. కూలి జనం, వాళ్ళ ఆడవాళ్ళు వచ్చి మొర పెడతారు. కరువులో ధాన్యం కోసం పొలాలు, ఇళ్ళు తాకట్టు పెట్టామని, పన్ను కట్టడానికి అప్పు చేశామని, పిల్లల్ని దాసులుగా పంపాల్సి వస్తోందని. అప్పిచ్చినవాళ్ళు ఎవరో కాదు, సొంత జనమే. శత్రువులు పిలిస్తే దిగి రాని నెహెమ్యా, ఈ మొర విని కోపగించుకున్నాడు, పెద్దల్ని నిలదీశాడు, సభ పెట్టాడు, పొలాలు, వడ్డీ తిరిగి ఇప్పించాడు. తాను కూడా అధికారి భత్యం తీసుకోలేదు.

అంటే దిగి రాకూడదని నేను చెప్పింది సగమే. ఎవరి కోసం దిగకూడదో, ఎవరి కోసం దిగాలో తెలిసినవాడు నెహెమ్యా. గోడ ఆయన పని. ఆ గోడ లోపల బతకాల్సిన జనం ఆయన గురి. నేను పనిని గురి అనుకున్నాను.

మన గుండ్లకమ్మ ఒడ్డున

ఇప్పుడు మన ఊరి సంగతి ఒకటి చెబుతాను. ఇందులో కూడా కాలువ తవ్వకం ఉంది, మేస్త్రీలు ఉన్నారు.

టెక్సాస్‌ను లోన్ స్టార్ స్టేట్ అంటారని మనందరికీ తెలుసు. ఒకప్పుడు మన నెల్లూరు మిషన్‌కు కూడా అదే పేరు. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టారు. ఏళ్ళు గడిచినా నమ్మినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. 1853లో ఈ దేశంలో ఆల్బనీలో జరిగిన సమావేశంలో దాన్ని మూసెయ్యాలా వద్దా అని చర్చ వచ్చింది. మ్యాపులో ఒంటరిగా ఉన్న చుక్కను చూసి ఒంటరి నక్షత్రం అన్నారు. చివరికి మూయలేదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జూయెట్ గారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్ళు, మొత్తం ఐదుగురు ఒంగోలు కొండ మీద ప్రార్థన చేశారు. ఇప్పటికీ దాన్ని ప్రార్థన కొండ అంటాం. సంఖ్యే గురి అయితే ఆ ఐదుగురు కొండ ఎక్కేవాళ్ళు కాదు.

తర్వాత వచ్చినాయన జాన్ క్లౌ. మన వైపు క్లౌ దొర అంటారు. న్యూయార్క్ రాష్ట్రంలో 1836లో పుట్టాడు. కుర్రతనంలో మిన్నెసోటాలో భూమి సర్వే పని చేశాడు. అంటే కొలత తెలిసినవాడు, మన పనివాడు. 1865లో భారతదేశం వచ్చాడు, 1866లో ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం మొదలైంది.

1876లో వానలు పోయాయి. 1878 దాకా నడిచిన ఆ కరువు పేరు చెబితే మా వైపు ముసలివాళ్ళు ఇంకా నిట్టూరుస్తారు. జనాన్ని బతికించడానికి ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పెట్టింది. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరే ఆ కాలువకు వచ్చింది. క్లౌ దొర ఆ కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకున్నాడు. లాభం కోసం కాదు, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి దొరకాలని. తన తెలుగు బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. పగలు కొలతలు చూసేదీ వాళ్ళే, జనం కాస్త కూర్చున్నప్పుడు ప్రయాసపడేవాళ్ళను రమ్మన్న క్రీస్తు పిలుపు చెప్పేదీ వాళ్ళే. మా నాయనమ్మకు నాయనమ్మ చిన్నపిల్లగా ఆ కాలువలో తట్ట మోసిందని మా ఇంట్లో చెప్పుకుంటారు. కాగితం మీద రుజువేమీ లేదు. ఇంట్లో మాట అంతే.

ఇప్పుడు అసలు సంగతి వినండి. ఆ రోజుల్లో వేలమంది బాప్తిస్మం ఇమ్మని వచ్చారు. ఏ మిషనరీ అయినా ఎదురుచూసేది ఆ రోజు కోసమే కదా. ఒకప్పుడు మూసేద్దామనుకున్న మిషన్ అది. ఒక్క ఉత్తరం రాస్తే అమెరికా అంతా చప్పట్లు కొట్టేది. కానీ క్లౌ దొర ఆపేశాడు. దాదాపు పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఎందుకు? కూలి తన చేతుల్లో ఉంది, సహాయం తన చేతుల్లో ఉంది. అన్నం కోసం వచ్చేవాడిని విశ్వాసం కోసం వచ్చాడని లెక్క రాసుకుంటే అది తప్పు కొలత అని ఆయనకు తెలుసు. ఆకలితో ఉన్న మనిషిని తన సంఖ్య కోసం వాడుకోలేదు.

1878 మధ్యలో కరువు సహాయం ఆగిపోయింది. ఇక ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు. అయినా జనం వచ్చారు. మాకు సాయం వద్దు, సంఘంలో చేర్చుకోండి అన్నారు. అప్పుడు ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మలో బాప్తిస్మాలు మొదలయ్యాయి. జూలై 2న 614 మంది. జూలై 3న 2,222 మంది. జూలై 4న 701 మంది. మూడు రోజుల్లో 3,537 మంది. నీళ్ళలో దిగి ఇచ్చింది తెలుగు పాస్టర్లే, ఆరుగురు, ఇద్దరిద్దరు మారుకుంటూ.

మన సంఘాల్లో 2,222 అనే అంకె చాలామందికి నోటికి వచ్చు. నేనూ చిన్నప్పటి నుంచి వింటున్నాను. కానీ నాకు ఇప్పుడు ఆ అంకె కన్నా, ఆ పదిహేను నెలలే పెద్దగా కనబడుతున్నాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. లోన్ స్టార్ రోజుల్లో అంకె చిన్నదని గురి వదల్లేదు. కరువు రోజుల్లో అంకె పెద్దదని గురి మార్చుకోలేదు. ఆయన మొదటి మేకు దగ్గరికి వెళ్ళి కొలుచుకున్నాడు. క్లౌ దొర 1910లో ఈ దేశంలోనే, రోచెస్టర్‌లో కన్నుమూశాడు. ఆయన పదిహేను నెలలు ఆగగలిగాడు. నేను గంటన్నర ఆగలేకపోయాను. ఆ మాట నాకు రోజూ గుర్తొస్తుంది.

మనకు ఈ వారం నుంచి

డబ్బు వద్దని నేను చెప్పడం లేదు. మనం వచ్చిందే దానికోసం, అబద్ధం ఎందుకు? గ్రీన్ కార్డు కోరుకోవడం పాపం కాదు. ఊళ్ళో ఇల్లు కట్టుకోవడం పాపం కాదు. పౌలు కూడా డేరాలు కుట్టి తన చేతులతో సంపాదించుకున్నాడు. ఇవన్నీ దారిలో మైలురాళ్ళు. మైలురాయి దగ్గర కాసేపు కూర్చోవచ్చు. దాన్ని పట్టుకుని ఊరు వచ్చేసిందనుకుంటేనే చిక్కు.

నేను ఇప్పుడు చేసేది చెబుతాను, నచ్చితే మీరూ చెయ్యండి. ప్రతి నెలా జీతం వచ్చిన రోజు, డబ్బు పంపకముందు, ఒక పది నిమిషాలు కూర్చుంటాను. పోయిన నెలతో పోల్చుకోను. మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ నెల నా పని వల్ల ఎవరికైనా దెబ్బ తగిలిందా, శరీరానికైనా మనసుకైనా? నా ప్రార్థనల్లో నా పేరు కాక ఇంకెవరి పేరైనా ఉందా? నేను కోరుకున్నది రేపే చేతికి వస్తే, క్రీస్తు అవసరం నాకు తగ్గుతుందా? మూడో ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. అందుకే దాన్ని వదలను.

రెండో సంగతి. ఒంటరిగా కొలుచుకోకండి. సైటులో ఒకడు పెట్టిన గుర్తును ఇంకొకడు సరిచూస్తాడు. నాకు ఈ సంఘంలో ఒక అన్న ఉన్నాడు, ట్రక్కు నడుపుతాడు. వారానికి ఒకసారి ఫోను చేసి "ఏరా, ఎటు పోతున్నావు?" అని అడుగుతాడు. ఆ ఒక్క మాట చాలు. అలాంటి మనిషి మీకు లేకపోతే ఈ రోజు భోజనాల దగ్గర ఒకరిని వెతుక్కోండి.

మూడో సంగతి, మేస్త్రీలకు, సూపర్‌వైజర్లకు, కిచెన్ మేనేజర్లకు, చేతికింద నలుగురు ఉన్న ప్రతి ఒక్కరికీ. మీ చేతికింద మనిషి మిమ్మల్ని చూసి ఏమీ అనకుండా దిగాడంటే, ఒప్పుకున్నాడని కాదు. భయపడ్డాడని అర్థం. వాచీ చూసుకోకముందు ఆ ముఖం చూడండి.

నాలుగో సంగతి, దిగమంటే దిగేవాళ్ళకు. మీ ప్రాణం పందెం పెట్టి యజమానిని మెప్పించడం దేవుడు అడిగిన విధేయత కాదు. ఐదు అడుగులు దాటిన ట్రెంచ్‌లో బాక్సు గానీ, ఆనింపు గానీ, ఏటవాలు గానీ లేకపోతే దిగకండి. నాలుగు అడుగులు దాటితే పాతిక అడుగుల లోపు నిచ్చెన అందాలి. తీసిన మట్టి అంచుకు కనీసం రెండడుగుల దూరంలో పోయాలి. రోజూ పని మొదలయ్యే ముందు తెలిసిన మనిషి ట్రెంచ్‌ను తనిఖీ చెయ్యాలి. ఇవి కనబడకపోతే అడగండి. వినకపోతే ఓషాకు 1-800-321-6742కు ఫోన్ చెయ్యొచ్చు. మీ పేరు యజమానికి చెప్పొద్దని కోరవచ్చు. వీసా ఏదైనా, కాగితాలు ఉన్నా లేకపోయినా ఆ రక్షణ మీకుంది. ప్రసంగంలో ఈ నంబర్లు ఎందుకని అనుకోకండి. నెహెమ్యా ఐదో అధ్యాయం చదివాక నాకు ఇది కూడా వాక్యంలో భాగమే అనిపించింది.

చివరిగా ఒక్క మాట. హోండురస్ ఆయన ఇప్పుడు నడుస్తున్నాడు. కొంచెం కుంటుతాడు. వేరే చోట పని చేస్తున్నాడు. పోయిన క్రిస్మస్‌కు వాళ్ళింటికి వెళ్ళాను. క్షమించమని అంతకుముందే రెండుసార్లు అడిగాను. ఈసారి అడగలేదు, ఊరికే కూర్చున్నాను. ఆయన చిన్నకూతురు నా చేతికి ప్లేటు ఇచ్చింది. ఆయన నా ఎదురుగా కూర్చుని తిన్నాడు. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. నేను తొందరపెట్టలేదు. తొందరపెట్టడం వల్ల ఏమవుతుందో నాకు తెలుసు.

నేనింకా గురి చేరలేదు. కానీ మేకు ఎక్కడుందో తెలుసు. ప్రతిసారీ అక్కడికి వెళ్ళి కొలుచుకుంటాను. మీరూ కొలుచుకోండి. రేపు కార్మికుల సెలవు. పనికి వెళ్ళకుండా ఒక్క రోజు విశ్రాంతి తీసుకోండి. ఊరికి ఫోన్ చేసి, ఎంత పంపాలని అడక్కుండా, ఎలా ఉన్నారని అడగండి.

ప్రభువు మన చేతుల పనిని, మన చేతికింద ఉన్నవారిని, దూరాన ఉన్న మన ఇళ్ళను కాపాడును గాక. ఆమేన్.